రాయి ఉన్న చోటే చరిత్రా? – ఉండవల్లి గుహాలయాలు, గుడివాడ దిబ్బ: వారసత్వ ప్రచారంపై ఒక విమర్శ

కృష్ణాతీరపు ప్రాచీన వారసత్వాన్ని పరిచయం చేసే రచనలు దాదాపు ఒకే దారిలో నడుస్తాయి. ఉండవల్లి నాలుగంతస్తుల గుహాలయంతో మొదలై, మొగల్రాజపురం గుహలను తాకి, ఇంద్రకీలాద్రి పాదంలోని అక్కన్న–మాదన్న గుహల దగ్గర కొంచెం ఆగి, అమరావతి వైపు మళ్ళుతాయి. విజయవాడ దాటి సముద్రం వైపు సాగే దిగువ డెల్టా ఈ రచనల్లో వరిచేలుగా, కాలువలుగా, కూచిపూడి నాట్యంగా, బందరు కలంకారీగా కనిపిస్తుంది. ప్రాచీన ధార్మిక వాస్తు ప్రసక్తి వచ్చినచోట దానికి స్థానం ఉండదు. గుడివాడ పేరు సాధారణంగా రానే రాదు. కొండ ఉన్నచోట చరిత్ర ఉన్నదనీ, ఒండ్రుమట్టి ఉన్నచోట పంట మాత్రమే ఉన్నదనీ ఒక విభజన తెలియకుండానే స్థిరపడిపోయింది. ఈ విభజన పర్యాటక కరపత్రాలకు పరిమితమైతే పెద్దగా పట్టించుకోనక్కరలేదు. విశ్వవిద్యాలయ పరిశోధన వ్యాసాల్లోకి, సిద్ధాంత గ్రంథాల తొలి అధ్యాయాల్లోకి అది వాక్యాలతో సహా ప్రవేశించింది కనుక దానిని ఎదిరించవలసి ఉంది. దిగువ డెల్టాను విడిచి చెప్పిన గుహాలయ చరిత్ర అసంపూర్ణమే కాక, గుహాలయాల విషయంలో కూడా తప్పు అవుతుంది.

ముందుగా ఆ ప్రచారవాక్యాన్నే పరిశీలించాలి. ‘ఉండవల్లి గుహలు క్రీ.శ. 4–5 శతాబ్దుల్లో విష్ణుకుండినులు నిర్మించినవి’ అన్నది దాని సాధారణ రూపం. ఈ నిర్ధారణ వెనుక ఉన్నది ఒక ఊహ. అది మంచి ఊహే. ఫ్రెంచి పండితుడు జూవో దుబ్రెయ్ 20వ శతాబ్దపు రెండో దశకంలో పల్లవ ప్రాచీనతలను పరిశీలిస్తూ, మహేంద్రవర్మ తమిళదేశంలో ప్రవేశపెట్టిన శిలావాస్తుకు మూలం కృష్ణాతీరంలో ఉండి ఉంటుందని ప్రతిపాదించాడు. ఆ తీరాన్ని అప్పట్లో ఏలినవారు విష్ణుకుండినులు కనుక ఉండవల్లిని వారికి ముడిపెట్టాడు. ఆ తరువాత శిలావాస్తును ప్రత్యేకంగా అధ్యయనం చేసిన కె.ఆర్. శ్రీనివాసన్, కె.వి. సౌందరరాజన్ వంటివారు శైలిని బట్టి ఈ గుహలను ఇంకా దిగువకు, తూర్పు చాళుక్యుల కాలం వైపు జరిపారు. విష్ణుకుండిన వంశావళే చాలాకాలం వివాదగ్రస్తంగా ఉంది. తుమ్మలగూడెం తామ్రశాసనాలు బయటపడిన తరువాతనే శక సంవత్సరం 488, అంటే క్రీ.శ. 566, అనే గట్టి ఆధారం దొరికింది. శతాబ్దకాలపు ఈ చర్చ అంతా ప్రచారవాక్యంలో మాయమై, ప్రతిపాదన నిర్ణయంగా మారింది. నిర్ణయాన్ని బోర్డు మీద రాసినవారిని అంతగా తప్పుపట్టలేము. బోర్డును చూసి సిద్ధాంత గ్రంథంలో రాసుకొన్నవారిని, దానిని పరీక్షించి పట్టా ఇచ్చినవారిని మాత్రం పట్టవలసిందే.

బోర్డు భాష ఎంత నిర్లక్ష్యంగా ప్రయాణిస్తుందో చెప్పడానికి ఒక చిన్న ఉదాహరణ చాలు. ఉండవల్లి కొండ ఇసుకరాతి కొండ అని ఒక వాక్యం చెప్పుతుంది. అందులోని అనంతపద్మనాభుని శయనమూర్తి ఏకశిలా గ్రానైటు విగ్రహమని తరువాతి వాక్యం చెప్పుతుంది. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కనే ఎన్నో వ్యాసాల్లో కనిపిస్తాయి. మూర్తి కొండలో భాగంగా తొలిచినదైతే రెండూ ఒకే రాయి కావాలి. వేరువేరు రాళ్ళయితే మూర్తిని బయటినుంచి తెచ్చి మూడో అంతస్తుకు ఎక్కించి ఉండాలి. విజయవాడ పరిసరాల కొండలు తూర్పుకనుమల శ్రేణికి చెందిన ఖోండలైటు శిలలన్నది భూగర్భశాస్త్రంలో ప్రాథమిక విషయం. రాతిని గురించి గర్వించే ప్రచారం ఆ రాయి ఏదో కూడా చూసుకోలేదు.

అక్కన్న–మాదన్న గుహల సంగతి మరొకటి. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానాషా కొలువులో మంత్రులైన ఆ సోదరులు 17వ శతాబ్దివారు. ఆ గుహలు వారికి సుమారు వెయ్యేళ్ళ పూర్వపువి. ప్రజలు తమకు జ్ఞాపకమున్న పెద్దపేరును ఒక పాతచోటికి ఇచ్చుకొన్నారు. ఇది తప్పు కాదు. గుహల కాలంతో సంబంధం లేకున్నా బెజవాడ జ్ఞాపకానికి ఇదొక ఆధారం. ప్రచార రచన అయితే ఈ పేరును ఒక వింతగా చెప్పి వదిలేస్తుంది, లేదా మంత్రులే కట్టించారని రాసేస్తుంది. పేరు ఎప్పుడు, ఎందుకు అతుక్కొన్నదన్న ప్రశ్న తెలుగుశాఖలకు సహజంగా చెందినది. ఆ ప్రశ్నను ఆ శాఖలు అడిగిన సందర్భాలు అరుదు.

ప్రచారవాక్యానికి ఎదురుగా నిలిచే ప్రతివాదం కూడా దాని తోబుట్టువే. ఉండవల్లి మొదట బౌద్ధవిహారమనీ, తరువాత హిందువులు ఆక్రమించి విష్ణుమూర్తిని చెక్కారనీ వాదించేవారున్నారు. వీరికీ ఒకే ఆరంభం, ఒకే యజమాని కావాలి. కట్టడమే ఈ తొందరను అడ్డుకొంటుంది. నేలమట్టపు మండపం అసంపూర్తిగా మిగిలింది. మధ్య అంతస్తుల్లో త్రిమూర్తులకు గర్భాలయాలు, ఆ పైన శయనమూర్తి ఉన్నాయి. చిట్టచివరి అంతస్తు పూర్తికాలేదు. ఒకే సంకల్పంతో ఒకే కాలంలో ముగిసిన పని కాదిది. పలుమార్లు మొదలై పలుమార్లు ఆగినది. ఏ అంతస్తు ఎప్పటిదన్నది విడివిడిగా అడగవలసిన ప్రశ్న. ఇక విష్ణుకుండినుల విషయానికి వస్తే, పదకొండు అశ్వమేధాలు చేశానని చెప్పుకొన్న మాధవవర్మ ఆ వంశంవాడే. తన రాణి పేర వెలసిన బౌద్ధ మహావిహారానికి దానమిచ్చినట్లు తుమ్మలగూడెం శాసనం చెప్పే గోవిందవర్మా ఆ వంశంవాడే. ‘మాది’, ‘మీది’ అని గీతగీసి కొండను పంచుకొనే రెండు పక్షాలకూ ఈ వంశం అనుకూలమైన సాక్షి కాదు. వారసత్వం అన్న మాటలోనే ఆస్తిపంపకపు వాసన ఉంది. దావా వేసేవారికి ఆ మాట బాగా పనికివస్తుంది. చరిత్రకారునికి అంతగా కాదు.

అసలు ‘గుహాలయం’ అన్న మాట దగ్గరే చిక్కు మొదలవుతుంది. గుహ అనగానే ప్రకృతి చేసిన బిలం స్ఫురిస్తుంది. మనుష్యుడు అందులో దేవుణ్ణి ప్రతిష్ఠించాడన్న భావం కలుగుతుంది. తొలిచినవారి దృష్టిలో అది బిలం కాదు. మండగపట్టు శాసనంలో మహేంద్రవర్మ బ్రహ్మేశ్వరవిష్ణువులకు తాను చేయించిన దానిని ‘ఆయతనం’ అన్నాడు. ఇటుక, కలప, లోహం, సున్నం లేకుండా చేయించానని విశేషంగా చెప్పుకొన్నాడు. కొత్తదనం ఎక్కడ ఉన్నదో అతడే సూచించాడు. అప్పటివరకు దేవతల ఇళ్ళు ఇటుకతో, కలపతో, లోహంతో, సున్నంతో కట్టేవారు. అవి లేకుండా కట్టడం ఒక రాజు శాసనం వేసి చాటుకోదగిన ఘనత అయింది. అంటే శిలాయతనం ఒక నూతన ప్రయోగం. దానికి ముందు, దానితోపాటు, దాని తరువాత కూడా దేశంలో నడిచిన సాధారణ వాస్తు ఇటుకది, కర్రది. ఆ సాధారణ వాస్తుకు ఒండ్రునేలకన్నా అనువైన నేల లేదు. కృష్ణాడెల్టాలో కొండ లేదు కాని ఇటుకకు మట్టి ఉంది, తాడి ఉంది, గడ్డి ఉంది, నదిమీద కలప దిగివచ్చే వీలుంది.

రాతిని తొలిచినవారు కర్ర కట్టడాన్ని చూస్తూనే తొలిచారు. ఇందుకు కామవరపుకోట దగ్గరి గుంటుపల్లి కన్నా స్పష్టమైన సాక్ష్యం తెలుగునేలమీద లేదు. అక్కడి వర్తులాకార చైత్యంలో పైకప్పు లోపలి భాగమంతా వాసాలు, పట్టెలు వరుసగా అమర్చినట్లు రాతిలో చెక్కి ఉంది. ఆ వాసాలు ఏ బరువూ మోయవు. కొండ తన బరువు తానే మోసుకొంటుంది. శిల్పి కళ్ళముందు ఉన్నది గుండ్రటి పూరికప్పు కట్టడం. తీరాంధ్ర పల్లెల్లో తుపానుగాలికి తట్టుకొనేటట్లు వేసే చుట్టిల్లును ఎరిగినవారికి ఆ రూపం కొత్తది కాదు. మొగల్రాజపురం గుహముఖం మీది కపోతం సంగతీ ఇంతే. కిందికి వంగిన ఆ చూరు, దానిమీది గవాక్షాలు రాతికి అవసరమైనవి కావు. గడ్డికప్పు చూరునుంచి, కర్ర కిటికీనుంచి వచ్చినవి. కొండమీద మిగిలినది ప్రతి. మైదానంలో పోయినది మాతృక. ప్రతి చేతిలో ఉన్నదని మాతృక లేనేలేదనే పరిష్కర్తను తెలుగుశాఖల్లో ఎవరూ అంగీకరించరు. వాస్తు విషయంలో మాత్రం అదే పద్ధతి అభ్యంతరం లేకుండా సాగుతున్నది.

మాతృక పూర్తిగా పోయిందనడం కూడా సరికాదు. 1894లో అలెగ్జాండర్ రే ప్రచురించిన దక్షిణభారత బౌద్ధ ప్రాచీనతల గ్రంథపు ఉపశీర్షికలోనే భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపాల పేర్లు ఉన్నాయి. మూడూ డెల్టా ఊళ్ళే, మూడూ ఇటుక కట్టడాలే. భట్టిప్రోలులో 1892లో రే బయటికి తీసిన ధాతుపేటికల మీది అక్షరాలు దక్షిణాదిలో అతిప్రాచీన లిపి చర్చకు కేంద్రమై, బ్యూలర్ పరిష్కరణతో ప్రపంచ పండితుల ముందుకు వెళ్ళాయి. ఘంటసాల టాలమీ పేర్కొన్న కంటకోస్సిల రేవుగా గుర్తింపు పొందింది. నూట ముప్పై ఏళ్ళ కిందట కొండగుహలతో సమానంగా విద్వల్లోకానికి తెలిసిన గుడివాడ, ఈనాటి వారసత్వ రచనలో పేరుకు కూడా నోచుకోకపోవడం యాదృచ్ఛికం కాదు. నిలబడి ఫొటో తీసుకోవడానికి అక్కడ ఎత్తైన రాతిముఖం లేదు.

రాతిముఖం లేదు సరే, దిబ్బ ఎందుకు అంత తక్కువ మిగిలింది? ఇటుక మళ్ళీ వాడుకోవడానికి వీలైన వస్తువు. బెజవాడనుంచి బందరుకు బాట వేసేటప్పుడు ఈ ప్రాంతపు స్తూపాల ఇటుకలు బాటలోకి వెళ్ళిన సంగతి పురావస్తు రచనల్లో నమోదై ఉంది. భట్టిప్రోలు స్తూపపు పాలరాతి పలకలు వెల్లటూరు దగ్గర కాలువ తూముకు పనికివచ్చాయి. ఆనకట్ట కింద పారుదల పెరిగి సేద్యం విస్తరించాక పాతదిబ్బల మట్టి పొలాలకు ఎరువుగా తరలింది. పాటిమన్ను అన్న మాటకు డెల్టా రైతుకు ఈనాటికీ అర్థం చెప్పనక్కరలేదు. ఉండవల్లిని కాపాడినది శిల్పి నైపుణ్యం ఒక్కటే కాదు. దానిని ఊడదీసి మరొకచోట వాడుకోవడం సాధ్యం కాకపోవడం. మిగలడాన్ని గొప్పతనానికి కొలబద్దగా చేసినప్పుడు డెల్టా మీద కాలువలు, రోడ్లు, సేద్యం చేసిన పనిని చరిత్ర చేసిన తీర్పుగా పొరబడటం జరుగుతుంది.

గుడివాడ దిబ్బకు జనవ్యవహారంలో ఉన్న పేరు లంజదిబ్బ. భట్టిప్రోలులోనూ ఇదే పేరు వినవచ్చింది. సభ్యత అడ్డువచ్చి చాలామంది వ్యాసకర్తలు ఈ పేరును దాటవేస్తారు, లేదా మరేదో పదం అపభ్రంశమై ఇట్లా అయిందని ఆధారం చూపకుండా ఉపశమింపజేస్తారు. దేవతాస్థానమో, భిక్షువుల నెలవో అయిన దిబ్బ వేశ్య పేరున ఎందుకు మిగిలింది? పరమతంపై కసితో పెట్టిన తిట్టా, దేవదాసీ వ్యవస్థ జ్ఞాపకమా, ఏదైనా కథ మిగిల్చిన గుర్తా? భట్టిప్రోలులో మరో దిబ్బ విక్రమార్కుని కోటగా ప్రసిద్ధమైంది. పాడుదిబ్బలకు కథానాయకులను వెతుక్కొనే అలవాటు జనానికి ఉంది. ఒకే పేరు కృష్ణకు ఇరువైపులా ఎందుకు తిరిగిందన్నది పురావస్తు తవ్వకం తేల్చగల విషయం కాదు. స్థలనామ పరిశోధన, జానపద కథాసేకరణ, కైఫియత్తుల పఠనం తేల్చవలసినది. ఈ మూడూ తెలుగుశాఖల పాఠ్యప్రణాళికల్లో ఉన్న విద్యలే. అక్కన్న–మాదన్నల పేరును సగర్వంగా చెప్పి, లంజదిబ్బ పేరును దాచడంలో ఉన్నది శాస్త్రీయత కాదు, మర్యాద.

కట్టడాన్ని దాని నేలనుంచి విడదీసి చూడముచ్చట వస్తువుగా మార్చడం ఈ ప్రాంతంలో కొత్తగా పుట్టిన రోగం కూడా కాదు. 19వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో బందరులో పనిచేసిన కంపెనీ అధికారి రాబర్ట్‌సన్ అమరావతి స్తూపపు శిల్పఫలకాలను తెప్పించి, బందరులో కొత్తగా వేసిన అంగడివీధి కూడలిలో అలంకారంగా నిలబెట్టించాడు. దానికి రాబర్ట్‌సన్ దిబ్బ అన్న పేరు వచ్చింది. అమరావతిలో స్తూపం దిబ్బగా కూలుతూ ఉంటే, ఆ స్తూపపు రాళ్ళతో బందరులో ఇంకొక దిబ్బ తయారైంది. బజారుకు వచ్చినవారు ఆ ఫలకాలను చూసి ఆనందించే ఉంటారు. తరువాత అవి మద్రాసుకు చేరాయి. డెల్టాలో పర్యాటక ఆకర్షణ అనదగిన తొలి ప్రయత్నం ఇదే అనుకొంటే, దాని స్వభావం అప్పుడే తెలిసిపోయింది. అందమైన రాయి ఏ కథనుంచి వచ్చిందన్నది అక్కరలేకుండా నిలబెట్టవచ్చు. రాళ్ళను కదపకుండానే ఇదే పనిని ఇప్పుడు వాక్యాలతో చేస్తున్నారు.

దీనికి వచ్చే సమాధానాలలో ఒకటి గౌరవించదగినది. సామాన్య సందర్శకునికి వివాదాలు అక్కరలేదు. ఒక రాజు, ఒక శతాబ్ది, ఒక విశేషం చెప్పితే చాలు. జనం వస్తేనే నిధులు వస్తాయి, నిధులు వస్తేనే కట్టడం బతుకుతుంది – ఇది ఆ వాదం. జనం రావడం వల్ల మేలు జరుగుతుందన్నది నిజమే. ఉండవల్లి రక్షిత కట్టడమై, కంచె, కాపలా, తోట ఏర్పడి, పిల్లలు బడులనుంచి వచ్చి చూడటం మంచిదే. అయితే సామాన్యుడు వివాదం భరించలేడన్నది అతని మీద మోపిన అభిప్రాయం మాత్రమే. వరికోత గురించి, కాలువ వంతు గురించి, వారసత్వపు దావా గురించి రెండు పక్షాల మాటలూ విని తేల్చుకొనే డెల్టా రైతు, ఒక గుహ కాలం గురించి పండితులు ఏకాభిప్రాయానికి రాలేదంటే నిర్ఘాంతపోడు. ‘ఈ అంతస్తు పూర్తికాలేదు, ఎందుకు ఆగిందో చూడండి’ అన్న బోర్డు ముందు అతడు ‘4–5 శతాబ్దులు’ అన్న బోర్డు ముందుకన్నా ఎక్కువసేపు నిలబడతాడు. గుడివాడలో చూడటానికి ఏమున్నదన్న రెండో సమాధానానికి అంత గౌరవం అవసరం లేదు. అక్కడ చూడటానికి ఏమీ మిగలకపోవడమే ముందు చెప్పవలసిన కథ. ఆ కథ ఉండవల్లి కథలో భాగం.

పాలనావిభజన కూడా ఈ తెంపుడుకు తోడుపడింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత ఉండవల్లి గుంటూరు జిల్లాలో, మొగల్రాజపురం ఎన్టీఆర్ జిల్లాలో, గుడివాడ, ఘంటసాల కృష్ణా జిల్లాలో, భట్టిప్రోలు బాపట్ల జిల్లాలో, గుంటుపల్లి ఏలూరు జిల్లాలో ఉన్నాయి. జిల్లాకొక దర్శనీయ స్థలాల పట్టిక తయారయ్యే పద్ధతిలో ఒకే నదీలోయ వాస్తుచరిత్ర అయిదు ముక్కలైంది. కొండలున్న జిల్లాకు గుహలు, మట్టి ఉన్న జిల్లాకు సముద్రతీరం దక్కాయి.

అయినా పాలకులమీద నెపం వేసి తెలుగుశాఖలు తప్పుకోలేవు. తెలుగు సాహిత్యచరిత్ర బోధించే ప్రతి తరగతిలోనూ యుద్ధమల్లుని బెజవాడ శాసనం వస్తుంది. మధ్యాక్కరలకు ఉదాహరణగా, నన్నయకు పూర్వపు పద్యరచనకు సాక్ష్యంగా దానిని చెప్పుతారు. యతిప్రాసలు చూస్తారు, శకటరేఫం చూస్తారు. ఆ పద్యాలు చెప్పుతున్నది ఒక గుడిని గురించి, ఒక మఠాన్ని గురించి. చేబ్రోలునుంచి జాతరకు వచ్చిన కుమారస్వామి బెజవాడలో నిలిచాడని, ఆయనకు గుడి, మఠం ఏర్పడ్డాయని, ఆ మఠంలో ఎవరుండాలో ఎవరుండకూడదో అన్న కట్టడితో సహా ఆ శాసనం తెలుగులో మాట్లాడుతుంది. గుహలు ఏ రాజువో తేలక శతాబ్దకాలంగా తర్జనభర్జన సాగుతుండగా, అదే ఊళ్ళో ఒక స్తంభం తన గుడి ఎవరిదో, ఎందుకు కట్టారో, తెలుగు పద్యంలోనే చెప్పుతున్నది. ఆ గుడి నిలవలేదు, స్తంభం మిగిలింది. విజయవాడ వారసత్వ పర్యటనలో ఈ శాసనానికి దక్కిన చోటు ఎంత? దానిని ఛందస్సు పాఠంగా కుదించినవారు పర్యాటక శాఖవారు కారు.

చేయదగిన పని ఉంది. మెకంజీకి కావలి సోదరులు, వారి సహాయకులు సేకరించి పంపిన కైఫియత్తుల్లో కృష్ణాతీర గ్రామాల దిబ్బలు, పాటిస్థలాలు, పాడుగుళ్ళు ఏ పేర్లతో నమోదయ్యాయో ఊరివారీగా ఏర్చవచ్చు. ఆ పేర్లను రే, సెవెల్ జాబితాలతోనూ, ఈనాటి వ్యవహారంతోనూ పోల్చవచ్చు. గుడివాడ, ఘంటసాల, మచిలీపట్నం, దివిసీమ కళాశాలల తెలుగు విద్యార్థులకు ఇది ఇంటి దగ్గరి క్షేత్రం. దీనికి తవ్వకం అనుమతి అక్కరలేదు, వృద్ధుల ముందు కూర్చొని వినే ఓపిక కావాలి. ఇక ఉండవల్లి మీద, మొగల్రాజపురం మీద వచ్చే సిద్ధాంత గ్రంథాలు కాలనిర్ణయం రాసిన ప్రతిచోటా అది ఎవరి నిర్ణయమో, ఏ ఆధారంపైనో చెప్పాలని, చెప్పకపోతే అంగీకరించబోమని పరీక్షకులు పట్టుబట్టవచ్చు. గుడివాడ దిబ్బ పేరును ఉన్నదున్నట్లు అచ్చువేయడంతో ఈ పని మొదలు కావచ్చు.